చిల్లు పెట్టినవాడు

మీగడ రంగు ఇంకా సరిగ్గా ఆరని కారు కింద ఎవరో దూరారు.

ముందు రెండు కాళ్ళు కనిపించాయి. తర్వాత టంగు టంగుమని చప్పుడు.

పూలకొట్టు ఆవిడ కడుతున్న దండ అక్కడే పడేసి వీధిలోకి ఉరికింది.

"ఏయ్! ఎవరది? బయటికి రా!"

టంగు, టంగు... ఉన్నట్టుండి చప్పుడు మారింది. అట్టపెట్టెను గుద్దినట్టు దబ్బుమంది.

ఒక ముసలాయన పాక్కుంటూ బయటికొచ్చాడు. చేతిలో చిన్న సుత్తి. తెల్లగడ్డం నిండా తారు పెచ్చులు.

"చిల్లు పడిందమ్మా," అన్నాడు.

"పడిందా? పొడిచింది నువ్వు కాదూ!"

వంగి చూసింది. కారు బరువంతా మోసే ఛాసిస్‌కి పిడికిలి పట్టేంత రంధ్రం. ఆవిడకి ఒళ్ళు భగ్గుమంది.

ఆ కారు ఆవిడకన్నా వయసులో పెద్దది. టింకరింగ్ షెడ్డువాడి దగ్గర చూసి, మనసు పారేసుకుని కొనుక్కుంది. ఆదివారం చెల్లెలూ, కాబోయే మరిదీ అందులోనే తమ పెళ్ళికి వెళ్ళాలి. ఆ తర్వాత ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళైనా ఆ కారే పూలు తొడుక్కుని వెళ్ళాలని ఆవిడ ఆశ.

"నీకేం ద్రోహం చేశానయ్యా? ఆదివారం పెళ్ళి పెట్టుకుని, ముస్తాబు చేసుకున్న బండి!"

"ఇది ఇనుము కాదు తల్లీ, లప్పం. తుప్పు తినేసిన చోట కాగితాలు కూరి, లప్పం మెత్తి, పైన తారు పూశారు. ఈ ముక్క కోసేసి కొత్త ఇనుము వెయ్యాలి. అందాకా రోడ్డెక్కించకు."

"చెప్పొచ్చావు పెద్ద! ఎవడి కడుపుమంట ఇది? ఎవడు పంపాడు నిన్ను?"

జనం పోగయ్యారు. పక్క కొట్టు మంగలి ముందుకొచ్చాడు.

"ఈయన సుత్తి తాత వదినా. పాత కారు కనబడితే చాలు, కింద దూరి బాదుతాడు. మా బావమరిది బండికీ ఇదే గతి పట్టించాడు."

ఆవిడ షెడ్డువాడికి ఫోన్ చేసింది. అతను ఆఘమేఘాల మీద వచ్చాడు. ముసలాయన్ని చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"పిచ్చోడండీ వీడు. నా పొట్ట కొట్టడానికే తిరుగుతున్నాడు. పోలీసులకి పట్టించండి, సాక్ష్యం నేను చెబుతా."

ముసలాయన అతని వంక చూశాడు. తల దించుకున్నాడు.

"లప్పం అన్నావుగా," నిలదీసింది పూలకొట్టు ఆవిడ. "అంటే ఈయన మోసం చేశాడనా? అదేదో ఎదురుగా నిలబడి అను!"

"నేనెవర్నీ ఏమీ అననమ్మా. నువ్వు బాగు చేయించుకో, చాలు."

"చూశారా! ఎదురుపడితే మాట పెగలదు!" అన్నాడు షెడ్డువాడు.

మంగలి ముసలాయన్ని ఒక్క తోపు తోశాడు. ఆయన కాలవ గట్టు మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ఎవరూ చెయ్యి అందించలేదు. పూలకొట్టు ఆవిడా అందించలేదు.

"ఇంకోసారి ఈ ఛాయల్లో కనిపించావో, కాళ్ళు విరగ్గొట్టిస్తా!"

ఆయన తనే లేచాడు. బురద దులుపుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఆదివారం మాత్రం ఎవర్నీ ఎక్కించకు తల్లీ."

ఆయన వెళ్ళాక షెడ్డువాడు చేతులు నలుపుకున్నాడు. "మీరేం బెంగపడకండి. చిటికెలో పూడ్చేస్తా."

"దేంతో?"

"అదే... మామూలుగా పూడ్చేదాంతోనే."

ఆ తడబాటు ఆవిడ చెవికి అడ్డంగా తగిలింది. మోకాళ్ళ మీద కూర్చుని రంధ్రంలో చెయ్యి పెట్టింది. ఇనుము తగల్లేదు. పిండిలా రాలే తుప్పు, లప్పం పెళ్ళలు, తడిసిన కాగితం గుప్పెడు బయటికొచ్చింది.

లేచి ఆ గుప్పెడూ అతని చొక్కా మీద కొట్టింది.

"ఇదా నువ్వు అమ్మింది?"

"పాత బండన్నాక ఇంతేనండీ! కిందకి దూరి ఎవరు చూడొచ్చారు?"

"మా చెల్లెలు కూర్చుంటుందిరా ఇందులో!"

జనం తన వైపు తిరిగేలోపు షెడ్డువాడు జారుకున్నాడు.

మర్నాడు కారుని లాగించుకుని ఊరి ఆ చివర వెల్డింగ్ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి జాకీ వేసి ఒక పక్క లేపింది. కారు నడుం దగ్గర కుంగింది. తెరిచిన తలుపు మళ్ళీ పడలేదు.

"నలుగురెక్కి ఒక్క గుంతలో పడితే రెండు ముక్కలయ్యేదక్కా. నీకెవరు చెప్పారోగానీ, పుణ్యం కట్టుకున్నారు."

పూలకొట్టు ఆవిడ జరిగిందంతా చెప్పింది. కాలవ గట్టు సంగతి కూడా దాచలేదు.

అమ్మాయి కోస్తున్నదల్లా ఆపి, ముఖానికున్న అద్దం పైకెత్తింది.

"ఆయన్నా తోశారు! నాకు ఈ పని చెయ్యిపట్టి నేర్పిన మనిషక్కా ఆయన. ఆ షెడ్డులో అమ్మిన ప్రతి బండి వెనకా వెళ్ళేవాడు. తన్నులు తినైనా సరే, జనాన్ని ఎక్కనివ్వకూడదని."

"ఎక్కడుంటాడు? వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"ఎక్కడని పట్టుకుంటావు? పొద్దునే కట్టుకట్టిన చేత్తో బస్సెక్కాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఇక ఈ ఊరి ముఖం చూడనన్నాడు."

పూలకొట్టు ఆవిడకి తన మీదున్న కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"అంత తెలిసినవాడు ఆ దొంగ వెధవని అక్కడే బయటపెట్టొచ్చుగా! నేను అన్ని మాటలంటుంటే, వాడు పిచ్చోడంటుంటే, నోరు మూసుకుని ఎందుకు పడ్డాడు?"

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, అద్దం మళ్ళీ ముఖం మీదికి దించుకుంది.

"కడుపున పుట్టినవాణ్ణి నలుగురిలో ఎలా బయటపెడతాడక్కా?"