మడి గట్టున ముక్కలు

ముక్కలు మళ్లీ మాయమయ్యాయి.

పిల్లి మాత్రం ఒక్కటీ చావలేదు. గోడ మీద గోధుమరంగు గండుపిల్లి ఒళ్లు విరుచుకుని ఖోసియత్ వైపు చూసింది. వెక్కిరిస్తున్నట్టే అనిపించిందామెకు.

మర్గిలాన్ ఊళ్లో ఆ వీధి మొత్తానికీ టమాటా నారు పోసేది ఖోసియత్ ఒక్కతే. చలి తగ్గి నేల మెత్తబడిందో లేదో, వీధిలో పిల్లులన్నీ ఆమె పెరట్లోనే తేలేవి. మడి గుల్లగా కనిపిస్తే చాలు, తవ్వి పారేసేవి. గులాబీ ముళ్లు పరిచింది. ఎండుమిరప పొడి చల్లింది. నీళ్ల గొట్టం పట్టుకుని వెంటపడింది. పోసిన విత్తనం పోసినట్టే మట్టిపాలైంది.

చివరికి బజారుకెళ్లి ఎలుకల మందు కొనుక్కొచ్చింది. గొర్రె కార్జం కొవ్వులో వేయించి, మందు పట్టించి, మడి గట్టున వరసగా పెట్టింది.

ఆ ముక్కలే మాయమవుతున్నాయి.

పిల్లులు తినలేదు. మరి తిన్నదెవరు?

మనిషెవరైనా తిని ఉంటే? సాయంత్రం మళ్లీ ముక్కలు పెట్టి, మర్నాడు తెల్లవారుతుండగా ద్రాక్ష పందిరి వెనక నక్కి కూర్చుంది.

కూలిన గోడ సందులోంచి ఒక ఆడమనిషి పెరట్లోకి దిగింది. పక్కింటి పెద్దావిడ బఖ్మల్ ఆపా మేడగదిలో కొత్తగా అద్దెకు చేరిన మస్తూరా. ఎవరితోనూ మాట కలపని మనిషి. వంగి ఒక్కొక్క ముక్కా ఏరి డబ్బాలో వేసుకుంటోంది.

ఖోసియత్ ఒక్క ఉదుటున వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తిన్నావా? నిజం చెప్పు, వీటిని తిన్నావా?"

"లేదు ఆపా."

"విషం కలిపానే పిచ్చిదానా!"

"తెలుసు. అందుకే ఏరుతున్నాను."

ఖోసియత్‌కి భయం దిగిపోయింది. వెంటనే కోపం ముంచుకొచ్చింది.

"ఇదంతా నీ పనా! పిల్లులంటే అంత ముద్దయితే తీసుకెళ్లి పక్కలో పడుకోబెట్టుకో!"

"పిల్లులంటే నాకూ పడదు, ఆపా. ఇది పిల్ల తిరిగే ఇల్లు."

"మా సబో నేల మీదవి ఏరుకు తినే పిల్ల కాదు. నా మనవరాలి సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నువ్వెవరు?"

మస్తూరా డబ్బాను గుండెకి హత్తుకుంది.

"ఇనుప వల తెచ్చి మడి మీద నేనే కప్పి పెడతాను. ఇవి మాత్రం పెట్టకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది.

"చాల్లే నీ నాటకం!" అంటూ ఖోసియత్ వెనక్కి జరిగింది.

ఆ కేకలకు బఖ్మల్‌తో సహా ఇరుగుపొరుగు పోగయ్యారు.

"గోడలు దూకేదాన్ని ఇంట్లో పెట్టుకున్నావేం, బఖ్మల్ ఆపా? ఇవాళ మా కార్జం ముక్కలు, రేపు నీ చెవి కమ్మలు!" అంది ఖోసియత్.

ఎవరో కిసుక్కున నవ్వారు. బఖ్మల్‌కి తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నానికల్లా మస్తూరా మూట సర్దుకుంది. బస్సుకి వెళ్తూ ఖోసియత్ గుమ్మం ముందు ఆగింది. లోపలికి, పెరటి వైపు చూసింది. వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకుంది ఖోసియత్. కొత్త ముక్కలు వేయించి పెట్టింది.

శుక్రవారం ఖోసియత్ కూతురు వచ్చి, సబోని అమ్మమ్మ దగ్గర దింపి బజారుకెళ్లింది. ఖోసియత్ పలావుకి క్యారెట్ తరుగుతోంది. బొమ్మతో ఆడుతున్న పిల్ల సవ్వడి ఆగిపోయింది.

"సబో! ఎక్కడున్నావే?"

జవాబు లేదు.

కత్తి అక్కడే వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. సబో మడి గట్టున చతికిలబడి కూర్చుంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. అమ్మమ్మని చూసి జిడ్డు చేతులు చాపి నవ్వింది.

"అమ్మమ్మా... కబాబ్!"

ఖోసియత్ పిల్ల నోట్లో వేలు పెట్టి దొరికినంతా లాగేసింది. ఎంత మింగిందో తెలియదు. చంకనెత్తుకుని, చెప్పులు కూడా లేకుండా, వీధిలో కనిపించిన మొదటి కారుకి అడ్డం పడింది.

ఆసుపత్రిలో కడుపు కడిగారు. వరండాలో ఆమె కూర్చోలేదు, ఏడవలేదు, బజారు నుంచి పరుగెత్తుకొచ్చిన కూతురి ముఖం చూడలేదు.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చాడు.

"లోపలికి పోయింది తక్కువే. గండం గడిచింది."

ఖోసియత్ ఇంటికి పోలేదు. తిన్నగా వెళ్లి బఖ్మల్ తలుపు తట్టింది.

"మస్తూరా ఎక్కడికి పోయింది, ఆపా? నేనామెను చూడాలి."

"ఎక్కడికని చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు."

"ఆమెకి పిల్లలున్నారా?"

"ఒక్కగానొక్క కొడుకు ఉండేవాడట. మూట కడుతూ చెప్పింది. పెరట్లో పిల్లులకని పెట్టిన మాంసం తిని పోయాడట."

ఖోసియత్ గోడకి ఆనుకుంది.

"ఎవరు పెట్టారట, ఆ పాపిష్టి ముక్కలు?"



"తనే పెట్టిందట," అంది బఖ్మల్.