చక్ తాళం

తేయా గోడవైపు తిరిగి నిలబడింది. వెనకాల నోరీన్ లేత్ మిషన్ మీద ఏదో సర్దుతోంది. హాలిఫాక్స్ కాలేజీలో ఇంజనీరింగ్ అమ్మాయిల బుధవారం వర్క్‌షాప్‌లో పరీక్ష పద్ధతే అంత. నేర్పే నోరీన్ మిషన్‌లో కావాలని ఒక తప్పు పెడుతుంది. స్విచ్ వేయకముందే దాన్ని పట్టుకుంటే మిషన్ నడపడానికి కార్డు ఇస్తుంది, లేకపోతే మళ్లీ మంచు కరిగాకే పరీక్ష.

తేయాకి అంతవరకు ఆగే వీల్లేదు. ఆదివారానికల్లా కాలేజీ జట్టు రేసు బండికి ఇరుసు తయారు కావాలి. కార్డు రాకపోయినా బెంగపడొద్దని, ఆ ఇరుసేదో తామే చేసిపెడతామని జట్టులో మగపిల్లలు ఎంతో ప్రేమగా చెప్పారు. ఆ ప్రేమకి ఆమెకి ఒళ్లు మండుతోంది.

ముక్కుకెదురుగా గోడ మీద ఫోటోలు. ఇనప ముక్కని పట్టి తిప్పే చక్‌ని బిగించే తాళంచెవిని అందులోనే మరిచిపోయినవాళ్లవి. అలా మరిచి స్విచ్ వేస్తే అది ఎగిరొచ్చి ఎవరి మొహమో పగలగొడుతుంది. కాబట్టి ఇక్కడ మాఫీ లేదు. కార్డు కత్తిరించేస్తారు, తాళం చేతికిచ్చి ఫోటో తీస్తారు, మళ్లీ పరీక్షకి లైనులో నిలబెడతారు. డీన్‌గారి ఫోటో కూడా ఉంది. నవ్వుతున్నాడు పాపం.

"ఇటు తిరుగమ్మా" అంది నోరీన్.

తేయా జుట్టు ముడేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని మిషన్ దగ్గరికొచ్చింది. వెతకాల్సిన పనే లేకపోయింది. తాళం చక్‌లో నిటారుగా నిలబడి ఉంది. తీసి బల్ల మీద పెట్టింది. లైనులో ఉన్న అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

నోరీన్ ఆ తాళాన్ని కాసేపు చూసింది. మొహంలో మార్పు లేదు. ఆ మొహం మారడం హాలిఫాక్స్‌లో ఎవరూ చూసి ఎరగరు.

"ఇంకా చూడు."

తేయా ఇక ఇరుసు పోయిందనుకుంది. ఒక్కో భాగమే తడిమి చూస్తూ పోయింది. కోసే ఉలిని పట్టి ఉంచే మరమేకు వదులుగా ఉండి వేలికే తిరిగింది. బిగించింది.

"రెండు పెట్టారా?"

"ఒకటే పెట్టాను."

"ఏది?"

"మరమేకు."

అమ్మాయిలు చప్పట్లు ఆపేశారు. మంచుకి బస్సులన్నీ ఆలస్యమై అమ్మాయిలంతా ఇందాకే వచ్చారు. పొద్దుట్నుంచి ఆ మిషన్ ముట్టుకున్నది నోరీన్ ఒక్కతే. మరి తాళం ఎవరు మరిచారని ఊనా అనే పిల్ల నోరు తెరవబోతే పక్కమ్మాయి కాలు తొక్కింది.

"ఎవరూ స్విచ్ వెయ్యలేదుగా" అంది తేయా గొంతు తగ్గించి. "వదిలేద్దాం, నోరీన్."

"డీన్‌ని వదిలానా?"

నోరీన్ ముందు తేయా కార్డు మీద సంతకం చేసి ఇచ్చింది. తర్వాత తన మెళ్లోని కార్డు తీసి, రేకులు కోసే కత్తెరతో రెండు ముక్కలు చేసింది. అప్పటికప్పుడు బొమ్మ చేతికొచ్చే కెమెరా ఊనాకిచ్చి, తాళం పట్టుకుని నిలబడింది. నవ్వండి అని ఊనా అనలేదు. ఆ ఫోటోని నోరీనే తీసుకెళ్లి డీన్ పక్కన అంటించింది. అమ్మాయిల్లో ఒకరిద్దరికి ఏడుపొచ్చింది.

ఇప్పుడు పరీక్ష ఎవరు పెడతారని ఎవరో అడిగారు. కార్డున్నవాళ్లు ఎవరైనా పెట్టొచ్చు, అది రూలే. గదిలో కార్డు ఒకటే ఉంది, ఇంకా సిరా ఆరలేదు. అందరూ తేయా వంక చూశారు. నోరీన్ లైను చివరికి వెళ్లబోతే అమ్మాయిలు పక్కకి జరిగి ఆమెకే ముందు దారిచ్చారు.

నోరీన్ వెళ్లి గోడవైపు తిరిగి, తన ఫోటోకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. వెనకాల తేయా మిషన్ మీద వంగింది.

"తేయా" అంది నోరీన్ తల తిప్పకుండానే. "ఒక్కటే పెడతావుగా?"