బేబీ అంటే

“‘సిక్’ అంటే జబ్బు అనే రాసుకొచ్చాం ఇన్నాళ్ళూ,” అన్నాడు నిఘంటువు సంపాదకుడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. “నిన్న మా మనవడు నేను చేసిన వంట తిని ‘సిక్’ అన్నాడు. కంగారుపడి డాక్టరుకి ఫోన్ చెయ్యబోయాను. అద్భుతం అని దానర్థమట.”

ఎదుటి బల్ల దగ్గర ప్రూఫులు దిద్దుతున్న ఆమె నవ్వలేదు. మామూలుగా అయితే ఆయన మాట పూర్తి కాకముందే నవ్వే మనిషి.

“మన లిపిలో రాస్తే ఇంకో తంటా,” అన్నాడాయన. “‘సీ’ అని రాస్తాం. సముద్రమా, చూడడమా? ఎవడికి తెలుస్తుంది?”

“బేబీకి ఏం అర్థాలు ఇచ్చామండీ?” అందామె, తల ఎత్తకుండా.

“పసిబిడ్డ అని ఎలాగూ ఉంది. ఈసారి ప్రియురాలు అని కూడా చేర్చాం. ఇప్పటివాళ్ళు పెళ్ళాన్ని కూడా అలాగే పిలుస్తున్నార్లే.”

పెళ్ళాన్ని కూడా. ఆ మాటకి ఆమె గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ళ కాపురంలో భర్త తనని “ఏమోయ్” అన్నాడు, “ఇదిగో” అన్నాడు, మంచి ఊపు మీదుంటే “మేడం గారూ” అన్నాడు. బేబీ అని ఒక్కనాడూ అనలేదు. ఆ పిలుపు ఇంకెవరికో దక్కుతోంది.

కొంతకాలంగా ఇదే వరస. ఫోన్ మోగితే చాలు, కంచం ముందు నుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. లోపలికి ముక్కలు ముక్కలుగా వినిపించేది. “బేబీ ఎలా ఉంది... వస్తున్నాగా... కాస్త ఓపిక పట్టు.” ఆ గొంతులోని మెత్తదనం ఆమె ఎరిగింది కాదు. అన్నం చల్లారిపోయేది. ఆమె మాత్రం లోలోపల ఉడికిపోయేది.

అతని చొక్కాలు నానబెట్టబోతే భుజం దగ్గర ఏదో తియ్యటి పౌడరు వాసన.

కంటపడని ఆ మనిషికి ఆమే ఒక రూపం కట్టింది. సన్నటి నడుము, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, చిన్న మాటకే కిలకిలమనే నవ్వు. ఒకరోజు అద్దం ముందు నిలబడి తన జడని పైకి మడిచి భుజాల దాకా పెట్టి చూసుకుంది. తన మీద తనకే రోత పుట్టి వదిలేసింది.

ఇక ఆగలేకపోయింది. సంపాదకుణ్ణి అడిగి అరపూట సెలవు తీసుకుని, నేరుగా అతను పనిచేసే గోడౌనుకి వెళ్ళింది. సబ్బులు, షాంపూలు, పౌడర్లు లారీల్లో వచ్చి దిగే చోటు. అక్కడ అతను సూపర్‌వైజరు.

ఆమెని చూడగానే అతని ముఖంలో రంగు మారింది. అది చూసి ఆమెకి ఒళ్ళు మండింది.

“బేబీ ఎవరు?”

“ఎవరూ?”

“నాటకాలొద్దు. బాల్కనీలో రోజూ మాట్లాడతారే, ఆ బేబీ.”

అతని చూపు ఒకసారి షెడ్డు చివరిదాకా వెళ్ళొచ్చింది. తర్వాత పకపకా నవ్వాడు. చెయ్యి పట్టుకుని షెడ్డు చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ వరసగా ఇనుప షట్టర్లు. ఒక్కోదాని నెత్తిన పసుపు రంగుతో ఒక ఇంగ్లీషు అక్షరం.

“లారీ వెనక్కొచ్చి ఆగే చోటుని బే అంటారు. ఇది బే-ఎ. పక్కది బే-బి. దాని షట్టరు ఎప్పుడు దిగుతుందో, ఎప్పుడు మొరాయిస్తుందో దానికే తెలీదు. ఎలా ఉందని అడక్కపోతే ఎలా? నిఘంటువులు దిద్దేదానివి, నీకు తోచిన అర్థం ఇదా?”

అంతలో లోపల్నుంచి ఒక హమాలీ కేకేశాడు. “సార్, బే-బి ఖాళీ అయింది. బండి పెట్టించమంటారా?”

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. పౌడరు వాసన సంగతీ అడుగుదామనే వచ్చింది. ఎదురుగా పౌడరు పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఇంకేం అడుగుతుంది?

“ఏమీ అనుకోకండి,” అంది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ.

“అనుకోనులే. ఎండగా ఉంది, ఆటో ఎక్కి వెళ్ళు.” అతను ఆమె చెవి దగ్గరికి వంగాడు. “సాయంత్రం పెందలాడే వస్తా, బేబీ.”

ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నాళ్ళూ తాను కట్టిన ఆ బొమ్మ, ఆ నడుము, ఆ నవ్వు, అన్నీ ఎండలో మంచులా కరిగిపోయాయి. ఎవర్ని చూసి ఇంతగా కుళ్ళుకుంది? ఒక ఇనుప షట్టరుని. ఆ తలపుకి తనలో తనే నవ్వుకుంటూ గేటు దాకా వచ్చేసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి నమస్కారం పెట్టాడు.

“తమరు మా సూపర్‌వైజరు గారి ఇంటావిడ కదమ్మా?”

“అవును,” అందామె. ఆ చిన్న మాట అనడంలో అంత గర్వం ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

“బేబీకి జ్వరం తగ్గిందా అమ్మా, సార్ ఫొటో చూపించారు, అచ్చం నాన్న పోలికే,” అన్నాడతను గేటు తీస్తూ, పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండని ఆమెతో.