మూడో గది వేడి

దల్సు సుత్తి దెబ్బకు, మూడో గది నేల కింది గొట్టాల వేడిని పెంచి తగ్గించే కొత్త స్మార్ట్ థర్మోస్టాట్ గోడ మీదే ముక్కలైంది. ఇంటి యజమానురాలు మల్సున్ చీపురు తిరగేసి, ఆ గదిలో అద్దెకున్న అతని వీపు మీద బాదింది.

"నా మీద ఫిర్యాదు చేసినవాడికి వెచ్చని నేల కూడానా? నీ గది వేడి ఫోన్లోంచే ఆపేశానురా!"

"ఆపావా!" అతను ఆమెను గోడకేసి నెట్టి, బొబ్బలెక్కిన అరికాలు చూపించాడు. "నేల పెనంలా కాలుతోంది, అక్కా. నన్ను వేపుకు తింటావా?"

మల్సున్ చెయ్యి ఆగింది. కూలి ఆదా అని ఈ గది తీగలూ, అమ్మ గది తీగలూ తనే బిగించింది. పక్కగదిలో అమ్మ చలి, చలి అన్నకొద్దీ ఫోన్లో ఆ గది వేడి పెంచుతూ పోయింది.

ఉరికి వెళ్లి అమ్మ గది నేల తాకింది. మంచుగడ్డ. అమ్మ పెదవులు నీలిబారాయి.

"దల్సూ, నాయనా, అమ్మను కాళ్లవైపు ఎత్తి పట్టుకో. నీ గదిలో పడుకోబెడదాం."