చింతగింజల బోర్డు

"థూ! దీంట్ల ఎలుక సచ్చిందా ఏందయ్యా? తీసెయ్ అవతలకి!" బోర్డుల ఫ్యాక్టరీ ఓనరు చిదంబరం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

ప్రెస్సు మీద పనిచేసే దేవసహాయం తను చేసి తెచ్చిన బోర్డును విప్పిన ప్లాస్టిక్ కవరుతో సహా వెనక్కి లాక్కున్నాడు. కుళ్లు కంపు గదంతా కమ్మేసింది.

"చింతగింజల పిండి, రంపంపొట్టు, గంతే సార్. మన గమ్ము లెక్క కండ్లు మండవు..."

"గీ కంపుల ఎవడుంటడయ్యా? బోర్డయితే మస్తు గట్టిగుంది. మంచిగొస్తే ఆ గమ్ము షెడ్డు మూసేద్దామనుకున్న. ఇగ ఈ ముచ్చట నా దగ్గర తేకు. పో, ప్రెస్సు కాడికి పో."

దేవసహాయానికి కావలసిందల్లా ఆ షెడ్డు మూతపడటమే. అందులో ఘాటు మందులతో గమ్ము కలిపేది అతని భార్య మార్తమ్మే. ఎర్రటి కళ్లతో, ఆగని దగ్గుతో ఇల్లు చేరే మనిషిని చూడలేకే ఈ బోర్డు మొదలుపెట్టాడు.

షిఫ్టు దిగి, నాచారం నుంచి ఉప్పల్ దాకా కోపమంతా సైకిలు మీదే చూపించాడు. ఆ పొద్దున స్నానానికి పోతూ మార్తమ్మతో, "ముసురు పట్టింది, చూరు కిందున్న బోర్డు జర వాసన సూడవే. తేడా ఉంటే వేపనూనె కలిపి మళ్ల జేస్త" అని మరీ చెప్పాడు. తన వంతు వారం సెలవు కావడంతో ఇంట్లోనే ఉన్న ఆమె, "ఏ వాసన లేదు, నిమ్మలంగ పో" అంటూ తనే కవరులో గట్టిగా చుట్టి ఇచ్చింది.

గడపలోనే అరిచాడు. "నా మీద గంత పగేందే నీకు? నీ కోసమే గద జేసిన! కంపు గొడ్తున్నదని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయె?"

స్టవ్ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న మార్తమ్మ బిత్తరపోయింది. "కంపు గొట్టిందా?"

అప్పుడు తగిలింది అతనికి మాడు వాసన. ఉరికి వెళ్లి గిన్నె మీది మూత తీశాడు. పప్పు అడుగంటి బొగ్గయిపోయింది.

"పక్కనే కూసున్నవు గదనే, తెల్వలేదా?"

మార్తమ్మ చేట కింద పెట్టింది. తల ఎత్తలేదు.

"నేను అబద్దమాడలేదయ్యా. ఆ షెడ్డుల నా ముక్కు సచ్చిపోయి శాన దినాలైంది."