నోట పలకని పేరు

"ఈసారి పిల్లల్ని తీసుకుని రాలేనమ్మా. నాకు లీవు లేదు, పసిబిడ్డతో నీ కోడలు బస్సెక్కలేదు. నువ్వే రా. రాకపోతే ఇంకెప్పుడూ అడగను."

మదురై మిల్లులో పనిచేసే కొడుకు దొరైసామి రాసిన ఉత్తరం అది. పక్కింటి జోతిమణి రెండుసార్లు చదివి వినిపించింది. ఎక్కడైనా ఒక మెత్తని మాట ఉంటుందేమోనని ఆరాయి మూడోసారి కూడా చదివించుకుంది. లేదు.

ఏటా ఎండాకాలం సెలవుల్లో మనవడు కోయంబత్తూరు వచ్చి పది రోజులుండేవాడు. మిల్లు వెనక పనివాళ్ళ లైను ఇంట్లో, ఆ ఒక్క గదిలో, ఆరాయికి ఏడాదంటే ఆ పది రోజులే. మిగతా రోజులన్నీ మిల్లు సైరను మోగితే లేవడం, మోగితే రెండు కంచాలు కడిగి పెట్టడం, మోగితే పడుకోవడం. మొన్న ఒక మనవరాలు కూడా పుట్టింది. దాని మొహం ఇంకా చూడనే లేదు.

మదురై ఏమంత దూరమని? పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి దిగొచ్చు. కానీ ఆరాయి ఆ ఇల్లు విడిచి ఒక్క రాత్రి కూడా బయట పడుకున్న మనిషి కాదు. కొడుకు పెళ్ళి కూడా పట్టుబట్టి ఆ లైన్లలోనే పందిరి వేయించి చేసింది.

"షిఫ్టు విడిచి మనిషి ఇంటికొస్తే తలుపు తీసేదెవరు? కూడు పెట్టేదెవరు?" అనేది ఎవరడిగినా. ఆ మాటతో ఎదుటివాళ్ళ నోరు మూతపడేది.

ఇప్పుడు మనవడు ఒక పక్క లాగుతున్నాడు, గుమ్మం ఒక పక్క లాగుతోంది. రెండు రోజులు తిండి సయించలేదు. మూడో రోజు పొద్దున్నే తాళంచెవి తీసుకెళ్ళి జోతిమణి చేతిలో పెట్టింది.

"చిత్తిరై తిరునాళ్ళు చూసి ఎల్లుండి వచ్చేస్తా. ఆయనొస్తే కుండలో కూడుంది. కారం తినడు, మజ్జిగ పొయ్యి. నేను కోపగించుకుని పోయినానని అనుకోకూడదు. చెప్తావు కదా?"

"చెప్తాలే అక్కా," అంది జోతిమణి, తాళంచెవి వైపే చూస్తూ.

మదురైలో దిగి మనవరాలిని ఒళ్ళో వేసుకున్నాక గానీ ఆమె గుండె కుదుటపడలేదు. ఆరేళ్ళ మనవడు ముందుపళ్ళు ఊడిన నోటితో వచ్చి పక్కన చేరాడు.

"అవ్వా, నువ్వు మా ఇంటికి కూడా వస్తావా?"

"వచ్చినా కదా సామీ."

వాణ్ణి సామి అనే పిలుస్తుంది. మొదటి మనవడికి తాత పేరు పెట్టడం వాళ్ళ ఇళ్ళలో వాడుక. కట్టుకున్నవాడి పేరు ఆడది నోట పలకకపోవడమూ వాడుకే. ఈ రెంటి మధ్య ఇరుక్కుని, ప్రాణంతో సమానమైన పిల్లవాణ్ణి ఆరాయి ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలిచి ఎరగదు.

మర్నాడు తెల్లవారుతూనే అళగర్ సామి వైగై ఏట్లో దిగే వేడుక. కొడుకు డ్యూటీకి పోయాడు. కోడలు పసిబిడ్డతో ఇంట్లో ఉండిపోయింది. ఆరాయి మనవడి చెయ్యి పట్టుకుని ఇసుకలోకి దిగింది.

సామి ఎక్కిన బంగారు గుర్రం కనబడగానే జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ఆరాయి ముందుకూ పోలేకపోయింది, వెనక్కీ రాలేకపోయింది. ఊపిరి తీసుకోవడానికే చోటు లేదు. ఆ తోపులాటలో చిన్న చెయ్యి జారిపోయింది.

"సామీ, సామీ," అని అరిచింది ఆరాయి. ఆ ఏట్లో వేలమంది అరుస్తున్నదీ ఆ మాటే.

ఎవరో ఆమెను పోలీసు పందిట్లోకి చేర్చారు. మైకు ముందు కూర్చున్న పోలీసాయన తమిళంలో అడిగాడు.

"పిల్లాడి పేరేంటి అవ్వా?"

ఆరాయి నోరు తెరిచింది. నాలుక కదల్లేదు.

"పేరు చెప్పకపోతే ఎట్లా పిలిచేది?"

"పలకకూడదయ్యా. వాళ్ళ తాత పేరు," అంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "బోడి తలతో కొండెక్కి కూచున్నాడు కదా సామి, ఆ ఊరి పేరు. దాని వెనక ఆయన చేతిలో ఉండే ఆయుధం పేరు."

"పళని... వేల్. పళనివేలా?"

ఆరాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

"సరిపోయింది. ఆ పేరు పిలిస్తే ఈ ఇసుకలో నూరుమంది తిరిగి చూస్తారు. నీ పేరూ ఊరూ చెప్పు, కలిపి పిలుస్తా."

మైకు గరగరలాడింది.

"పళనివేల్, కోయంబత్తూరు మిల్లు లైను ఆరాయి పోలీసు పందిట్లో నీకోసం ఏడుస్తా ఉంది. భయపడొద్దు. నిన్నెవరూ తిట్టరు, కొట్టరు. ఎక్కడున్నా వచ్చెయ్."

మూడుసార్లు పిలిచాడు. ఆరాయి కళ్ళు మూసుకుంది. వాడు దొరక్కపోతే కొడుక్కు ఏ మొహం చూపించాలి? గుమ్మం దాటడమే తప్పయిపోయిందని తన్ను తానే తిట్టుకుంది.

"అవ్వా."

శనక్కాయలమ్మే ఆవిడ చెయ్యి విడిపించుకుని వాడు పరుగెత్తుకొచ్చాడు. ఆరాయి వాణ్ణి వాటేసుకుని ఇసుకలో కూలబడి ఏడ్చింది. కాసేపటికి మొహం తుడుచుకుంది.

"పద సామీ, పోదాం. ఆయనొచ్చే వేళకి నేనింట్లో ఉండాల. ఇంక జన్మలో గుమ్మం దాటను," అంటూ లేవబోయింది.

పందిరి ముందర, ఇరవై రెండేళ్ళ కిందట రాత్రి షిఫ్టుకని అన్నం క్యారియర్ పట్టుకుని వెళ్ళి తిరిగిరాని మనిషి, "తాతా, ఆ అవ్వ ఎవరు?" అని అడుగుతున్న పసివాణ్ణి చంకనెత్తుకుని నిలబడి ఉన్నాడు.