నాన్న గది టీవీ

నాన్న తీసిన వీడియోలన్నీ ఇంట్లో సర్వర్‌లోనే ఉన్నా, హాల్లో టీవీకి కనబడడం లేదు. టీవీలను వేరే నెట్‌వర్క్‌లో పెట్టి వెళ్లిన తమ్ముడి మీద, ఆ రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉన్న అక్క ఫోన్‌లో మండిపడింది.

"నాన్న పోయి నెల కాలేదు, అప్పుడే నాకు అడ్డుగోడలు కట్టావా?"

"భద్రత కోసమే అక్కా. ఇదిగో, ఇక్కణ్ణుంచే రెండు నెట్‌వర్క్‌లూ కలిపేశాను. అదేంటి, నాన్న గది టీవీలో ఏదో వీడియో నడుస్తున్నట్టు నా స్క్రీన్ మీద చూపిస్తోందే?"

"ఆ టీవీ నువ్వే అమ్మేశావు కదరా!"

అంతలో మూసి ఉన్న ఆ గదిలోంచి ఆమె చిన్నప్పటి నవ్వే వినిపించింది. భయం కన్నా ముందు అక్కకు ఒళ్లు మండింది. వెళ్లి తలుపు దబదబా బాదింది.

"ఎవర్రా లోపల? మా నాన్న గది అది!"

లోపల ఎవరో సౌండ్ తగ్గించారు.